చర్చ: ‘చిన్నారి నికొలా’ కథలను పిల్లల అలమారాలో పెట్టాలా, పెద్దల అలమారాలోనా?

పుస్తకాలఅర (చర్చ ప్రారంభం):

మా కాలనీ గ్రంథాలయానికి ఒక కుటుంబం వారు ఇచ్చిన పుస్తకాలలో రెనె గొసినీ రాసి, జాన్-జాక్ సాంపే బొమ్మలు వేసిన ‘చిన్నారి నికొలా’ కథల ఇంగ్లీషు అనువాదాలు ఉన్నాయి. నేను వాటిని పిల్లల అలమారాలో సర్దాను. మా కమిటీలో ఒక పెద్దాయన వాటిని తీయించారు. ఇవి పెద్దవాళ్లు తమ బాల్యాన్ని తలుచుకుని మురిసిపోవడానికి రాసుకున్న కథలనీ, ఎనిమిదేళ్ల పిల్లలకు ఇందులోని హాస్యం అందదనీ, అందేది కొట్లాటలూ అల్లరీ మాత్రమేననీ ఆయన వాదన. వచ్చే సమావేశంలో దీన్ని తేల్చాలి. చదివినవారు ఏమంటారో తెలుసుకోవాలని ఉంది.

చదవనివారి కోసం రెండు మాటలు. నికొలా ఫ్రాన్సులో ఒక మగపిల్లల బడిలో చదువుకునే కుర్రవాడు. ఎప్పుడూ ఏదో ఒకటి తింటూ ఉండే అల్సెస్త్, అందరి ముక్కుల మీదా గుద్దే ఒద్, ఏది కావాలన్నా కొనిపెట్టే డబ్బున్న తండ్రి గల జొఫ్రువా, తరగతిలో ఎప్పుడూ ఆఖరున ఉండే క్లొతేర్, మొదటి ర్యాంకు వచ్చే ఆన్యాన్ అతని తోటివారు. ప్రతి కథనూ నికొలాయే తన మాటల్లో చెబుతాడు.

గోదారిగట్టు:

మీ కమిటీ పెద్దాయన వైపే నా ఓటు. ఈ కథలు ఎక్కడ పుట్టాయో ముందు చూడండి. 1955లో బెల్జియంలోని ‘ల ముస్తిక్’ వారపత్రికలో బొమ్మల వరసగా మొదలై, కొద్దికాలానికే ఆగిపోయాయి. 1959లో ఈస్టర్ పండుగకు బొర్దో నగరం నుంచి వెలువడే ‘స్యుద్-వెస్ట్’ పత్రిక ఆదివారం సంచిక కోసం గొసినీ, సాంపే మళ్లీ నికొలాను పట్టుకుని, ఈసారి అతనికి కథల రూపం ఇచ్చారు. ఆదివారం పూట కాఫీ తాగుతూ పేపరు తిరగేసే తండ్రీ తల్లీ చదువుకునే చోటు అది.

ఇక కథల లోపలికి వెళ్తే, హాస్యమంతా పిల్లవాడు చెప్పే మాటకూ, అక్కడ నిజంగా జరుగుతున్నదానికీ మధ్య ఉన్న దూరంలోనే ఉంది. సైకిలు కథ తీసుకోండి. లెక్కల పరీక్షలో మంచి స్థానం తెచ్చుకున్నందుకు నికొలాకు సైకిలు వస్తుంది. కానీ తండ్రి తానొకప్పుడు ఎంత గొప్ప సైకిలు వీరుడో చెప్పుకోవడమూ, పక్కింటి బ్లెద్యూర్ ఎగతాళి చేయడమూ, ఇద్దరూ పంతాలకు పోవడమూ జరిగి ఆఖరికి ఆ సైకిలు కాస్తా పాడవుతుంది. తండ్రి బడాయిని పిల్లవాడు నమ్మి చెబుతాడు, మనం నమ్మకుండా నవ్వుతాం. నాన్న మాటను ఇంకా నమ్మే వయసులో ఉన్న పాఠకుడికి ఇక్కడ నవ్వడానికి ఏముంటుంది?

చిట్టిబడి:

గోదారిగట్టు గారూ, మీరు చరిత్రలో సగమే చెప్పారు. అదే 1959లో, అక్టోబరు 29న, ‘పిలోత్’ అనే పత్రిక మొదటి సంచిక వెలువడింది. అది పిల్లలకూ కుర్రకారుకూ పెట్టిన పత్రిక. బొమ్మల కథల వీరుడు ఆస్టెరిక్స్ మొదటిసారి కనిపించింది కూడా అందులోనే. నికొలా ఆ పత్రికలోనూ చోటు సంపాదించుకున్నాడు. అంటే తండ్రి ఆదివారం పేపరులో, కొడుకు తన వారపత్రికలో, ఒకే కుర్రవాడి కథలు చదివారన్నమాట. పుట్టుకను బట్టి అలమారా నిర్ణయించాలంటే నికొలాకు రెండు అలమారాలూ ఇవ్వవలసి వస్తుంది.

నేను మూడు, నాలుగు తరగతుల పిల్లలకు పాఠాలు చెబుతాను. శనివారం ఆఖరి పీరియడులో ఈ కథలను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అప్పటికప్పుడు మార్చుకుంటూ చదివి వినిపించాను. ఫోటో కథకు వాళ్లు నవ్వడం నేను ఊహించిందే. తరగతి ఫోటో తీయించుకోవడానికి అందరూ శుభ్రంగా తయారై వస్తారు, జొఫ్రువా మాత్రం అంగారకుడి మనిషి వేషంలో దిగుతాడు, వరసలో నిలబెట్టేలోపే తన్నులాట మొదలవుతుంది, అంతా సర్దుకుని చూసేసరికి ఫోటోగ్రాఫరు వెళ్లిపోయి ఉంటాడు. ఇందులో వాళ్లకు అందనిది ఏమీ లేదు.

నన్ను ఆలోచనలో పడేసింది ప్రోగ్రెస్ రిపోర్టుల కథ. ఆ కథలో మార్కులు బాగా రాలేదు. పిల్లలందరూ ఇంటికి వెళ్లడానికి భయపడుతూ కాళ్లీడుస్తూ నడుస్తారు. ఇంట్లో తిట్లు తప్పవని నికొలా గుండె దిటవు చేసుకుని లోపలికి వెళ్తాడు. తీరా చూస్తే అమ్మా నాన్నా ఏదో గొడవపడుతూ ఉంటారు. రిపోర్టు మీద నాన్న సంతకం చేసి ఇచ్చేస్తాడు, అంతే. ఒక్క మాటా అనడు. నికొలా తన గదిలోకి వెళ్లి మంచం మీద పడి ఏడుస్తాడు. తనంటే అమ్మానాన్నలకు ప్రేమ ఉంటే తనను కాస్తయినా పట్టించుకునేవారు కదా అన్నది అతని బాధ.

పెద్దవాళ్లు ఇక్కడ నవ్వుతారు, ఎందుకంటే పిల్లవాడు తప్పించుకోవాలనుకున్న తిట్లే తప్పిపోయినందుకు ఏడుస్తున్నాడు. మా తరగతిలో మాత్రం ఎవరూ నవ్వలేదు. ఒక పిల్లవాడు “కొట్టలేదు కదా టీచర్, మరెందుకు ఏడ్చాడు?” అని అడిగాడు. నేను నోరు విప్పేలోపే వెనక బెంచీలోని పిల్ల, “కనీసం తిట్టను కూడా తిట్టలేదు, అందుకే” అంది. మిగతావాళ్లు తలలూపారు. ఆ పిల్లకు కథ అందలేదని మనం అనగలమా? నా అనుభవంలో ఆ కథ గురించి అంత సూటిగా మాట్లాడిన పెద్దవాళ్లు లేరు.

పెద్దవాళ్లు నవ్వే చోట పిల్లలు నవ్వకపోవడాన్ని మనం లోపంగా లెక్కగడుతున్నాం. వాళ్లు మరో చోట నవ్వుతారు, మరో చోట బాధపడతారు. గొసినీ గొప్పదనం ఆ రెండింటినీ ఒకే వాక్యంలో నిలబెట్టడంలో ఉంది. నికొలా ఏనాడూ తెలివితేటలు ప్రదర్శించడు, పెద్దవాళ్లకు కన్ను గీటడు. తాను చెప్పేది అక్షరాలా నిజమని నమ్ముతూ చెబుతాడు. అందుకే పిల్లలు అతన్ని తమవాడనుకుంటారు.

లెక్కలమేష్టారు:

హాస్యం అందుతుందా లేదా అన్నది నాకు ముఖ్యం కాదు. అందిన తరువాత ఏమవుతుందన్నదే నా ప్రశ్న. ముప్పై ఏళ్లకు పైగా పిల్లల మధ్య ఉన్నవాణ్ని కాబట్టి అడుగుతున్నాను. ఆన్యాన్ బాగా చదువుతాడు, టీచరుకు ఇష్టుడు. అతనికి కళ్లద్దాలున్నాయి కాబట్టి కొట్టాలనుకున్నప్పుడల్లా కొట్టడానికి వీలుకాదని నికొలా వాపోతూ ఉంటాడు. ఇది నవ్వవలసిన విషయమా? చదువుకునే పిల్లవాణ్ని వేరుచేసి ఏడిపించడం మన బళ్లలో ఇప్పటికే కావలసినంత ఉంది. అల్సెస్త్‌ను లావుపాటి తిండిపోతుగా చూపించడమూ, ఒద్ ముక్కు మీద గుద్దడాన్ని మామూలు పలకరింపులా రాయడమూ, ఆడపిల్లలంటే ఏడ్చేవాళ్లని నికొలా తీసిపారేయడమూ కలిపి చూస్తే, ఈ పుస్తకం చేతికిచ్చి వదిలేయడానికి నాకు మనసొప్పదు. పెద్దల అలమారాలో ఉంటే కనీసం ఒక పెద్ద మనిషి చేతి మీదుగా పిల్లవాడికి చేరుతుంది.

లియోన్‌వాసి:

నేను ఫ్రాన్సులో ఉంటున్నాను, మా అబ్బాయి ఇక్కడి బడిలోనే చదువుతున్నాడు. మేష్టారు గారు చెప్పిన వాటిలో కొన్ని ఆ కాలపు బడి రూపం నుంచి వచ్చినవని గుర్తు చేయాలనిపించింది. నికొలా బడిలో ఆడపిల్లలు లేకపోవడం రచయిత కావాలని చేసిన పని కాదు. ఆనాడు బళ్లు ఎక్కువగా మగపిల్లలకు వేరుగా, ఆడపిల్లలకు వేరుగా ఉండేవి. అందరూ కలిసి చదవడం పూర్తి నియమంగా మారింది 1970ల మధ్యలో. నికొలాకు గురువారం సెలవు. 1972 నుంచి ఆ సెలవు బుధవారానికి మారింది. ఇప్పటి ఫ్రెంచి పిల్లలకు కూడా సిరాబుడ్డీ, గురువారం సెలవూ తమ తాతల నాటి సంగతులే. అయినా చదువుతున్నారు. మా అబ్బాయి మొదట ఒకటి రెండు ప్రశ్నలు వేశాడు, ఆ తరువాత వాటి ఊసే ఎత్తలేదు.

ఆడపిల్లల సంగతికి వస్తే లూయిజెత్ కథ చదవండి. అమ్మ స్నేహితురాలి కూతురు వస్తుంది, పెద్దవాళ్ల ముందు ఎంతో అణకువగా ఉంటుంది, పెరట్లోకి వెళ్లగానే నికొలాను ఏడిపించి వదిలిపెడుతుంది. ఆమె తన్నిన బంతికి అద్దం పగులుతుంది, నింద నికొలా మీద పడుతుంది. చివరకు నికొలా ఏమంటాడు? పెద్దయ్యాక లూయిజెత్‌నే పెళ్లాడతానంటాడు, ఎందుకంటే ఆమె బంతిని అంత బలంగా తన్నగలదు! ఆడపిల్లల గురించి అతను మొదట్లో అన్న మాటలన్నీ ఆ కథే తుడిచేస్తుంది.

చిట్టిబడి:

మేష్టారు గారూ, ఆన్యాన్ విషయంలో మీ ఆందోళన నాకూ ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయను. కానీ ఆన్యాన్ ఇంటికి నికొలా ఆడుకోవడానికి వెళ్లిన కథ ఒకటుంది. మంచి పిల్లవాడి సావాసంతో కొడుకు బాగుపడతాడని తల్లి ఆశపడి పంపుతుంది. అక్కడ ఇద్దరూ కలిసి ఇల్లు పీకి పందిరేస్తారు. ఆన్యాన్ కూడా ఆడుకోవాలని ఉన్న పిల్లవాడేననీ, అతన్ని ఇంతకుముందు ఎవరూ ఆటకు పిలవలేదనీ ఆ కథ ఎక్కడా ఉపన్యాసం లేకుండా చూపిస్తుంది. దాన్ని చదివిన రోజు మా తరగతిలో ఫస్టు వచ్చే అబ్బాయి ముఖం నేను చూశాను.

అల్సెస్త్ ఎగతాళికి నిలబెట్టిన బొమ్మ అన్న మాటకు మాత్రం ఒప్పుకోను. నికొలాకు ప్రాణస్నేహితుడు అతనే. చేతికి అంటిన వెన్నతోనే అందరికీ కరచాలనం చేస్తాడు, తన జామ్ రొట్టెను ఎవరైనా తొక్కితే ఊరుకోడు, తాను తినడం గురించి సిగ్గుపడడు. లావుగా ఉన్నందుకు దుఃఖించే పిల్లల కథలు ఎన్నో వచ్చాయి గానీ, లావుగా ఉండి హాయిగా ఉన్న పిల్లవాడు వాటిలో అరుదు.

కుంచె:

ఇంతసేపూ బొమ్మల ఊసే రాలేదు. ఈ పుస్తకాలలో సగం మాట సాంపే గీతదే. ఆయన పిల్లలను ఎలా వేశాడో దగ్గరగా చూడండి. పెద్ద భవనం, పొడవాటి గోడ, ఎత్తైన కిటికీలు. వాటి కింద, కాగితం అడుగున, చీమల బారులా పిల్లలు. ఒక్కొక్కరికి రెండు కాళ్లు, ఒక ముక్కు, ఎగిరే జుట్టు, అంతే. అయినా ఎవడు పరిగెత్తుతున్నాడో, ఎవడు పారిపోతున్నాడో, ఎవడు తింటున్నాడో తెలిసిపోతుంది. పెద్దవాళ్లు ఆ బొమ్మను దూరం నుంచి చూసి, ఎంత చిన్నవాళ్లో అని ముచ్చటపడతారు. పిల్లలు బొమ్మ మీదకు వంగి, వేలు పెట్టి ఒక్కొక్కరినీ వెతుకుతారు. నా మేనకోడలు ఒక పేజీలోని తన్నులాటను అలా విడదీసి ఎవరెవరో చెబుతూ పోయింది.

సాంపే బొర్దో దగ్గర పెసాక్‌లో 1932లో పుట్టాడు. చిన్నతనంలో తమ ఇంట్లో పేదరికమూ గొడవలూ ఉండేవని తానే చెప్పుకున్నాడు. 1926లో పుట్టిన గొసినీ బాల్యం చాలావరకు బ్యూనస్ ఐరిస్‌లో గడిచింది. యూదులు కావడంతో ఐరోపాలో ఉండిపోయిన ఆయన బంధువులలో కొందరు నాజీల చేతిలో చనిపోయారు. నికొలా లోకంలో పెద్ద ప్రమాదమేదీ జరగకపోవడం, కొట్టుకున్నవాళ్లు మరునాటికి కలిసిపోవడం, ఎంత గొడవైనా రాత్రికి ఇంట్లో అన్నం దొరకడం అమాయకత్వం వల్ల వచ్చినవి కావని నాకు అనిపిస్తుంది. తమకు దొరకని బాల్యాన్ని ఇద్దరు మనుషులు ఎంతో జాగ్రత్తగా కట్టారు. దానిలోకి పిల్లలను రానివ్వకుండా తలుపు వేయడం నాకు బాధగా ఉంది.

గోదారిగట్టు:

కుంచె గారు చెప్పినది నా వాదనకే బలం. దొరకని బాల్యాన్ని కట్టుకోవలసిన అవసరం పెద్దవాడిదే. 2004లో గొసినీ కుమార్తె పూనుకుని, అంతవరకు పుస్తకంగా రాని కథలను వెలికితీసి సంపుటంగా తెచ్చారు. చిన్నప్పుడు నికొలాను చదివిన పెద్దవాళ్లే వాటి కోసం ఎదురుచూసి ఉంటారని నేననుకుంటున్నాను. పిల్లలు చదవకూడదని నేను అనడం లేదు. ఆ పుస్తకం పూర్తిగా విచ్చుకునేది రెండోసారి, పెద్దయ్యాక చదివినప్పుడు అంటున్నాను.

చిట్టిబడి:

రెండోసారి చదవాలంటే మొదటిసారి ఎప్పుడో చదవాలి కదండీ. మన ఇళ్లలో బుడుగు సంగతి మీకు తెలియనిది కాదు. ముళ్లపూడి వెంకటరమణ గారి మాటలనూ బాపు గారి గీతలనూ ఇంటిల్లిపాదీ చదువుకున్నారు. చిన్నప్పుడు బుడుగు పక్షాన నిలబడి చదివినవాళ్లే పెద్దయ్యాక తల్లిదండ్రుల పక్షాన నిలబడి చదివారు. చిన్నప్పుడు అది చేతికి అందకపోయి ఉంటే ఆ రెండో చదువుకు రుచి ఎక్కడిది?

పుస్తకాలఅర:

అందరికీ కృతజ్ఞతలు. ఇంత విన్న తరువాత నా పట్టు ఇంకా గట్టిపడింది, అయితే మేష్టారు గారు చెప్పిన పెద్ద మనిషి తోడు అన్న మాటనూ వదలలేను. పిల్లల అలమారాలోనే ఉంచి, నెలకొకసారి చదివి వినిపించే కార్యక్రమం పెడదామని కమిటీకి చెబుతాను. ముందుగా ఏ కథలు చదవమంటారు?

లెక్కలమేష్టారు:

మీ గ్రంథాలయం నిర్ణయం మీదే. నా మాట అడిగితే ఆన్యాన్ ఇంటి కథతో మొదలుపెట్టండి. తరగతి గదిలో అతన్ని ఏడిపించే కథలు ఆ తరువాత వస్తే, పిల్లలు వాటిని వేరేగా వింటారు.

చిట్టిబడి:

మేష్టారు గారి సూచన బాగుంది, నేనూ వచ్చే వారం ఆ వరసలోనే చదివి చూస్తాను. ఫోటో కథను రెండోదిగా పెట్టుకోండి, లూయిజెత్ కథ మూడోది. ప్రోగ్రెస్ రిపోర్టుల కథను మాత్రం పరీక్షల మార్కులు చేతికిచ్చే వారంలో చదవకండి. ఆ తరువాతి నెలలో, తల్లిదండ్రులు కూడా వచ్చి కూర్చునే రోజు చూసుకుని చదవండి.