ఇంగ్లీషు ప్రిపొజిషన్లు: జాబితాలు బట్టీ పట్టించడం కాక వేరే దారి ఉందా?

ప్రశ్న (బడిపంతులు)

నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు చెబుతున్నాను. పిల్లల్లో ఎక్కువమంది ప్రాథమిక తరగతులు తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారే. టెన్సులు చెబితే కాస్త ఆలస్యంగానైనా పట్టుబడుతున్నాయి కానీ, ప్రిపొజిషన్ల దగ్గర మాత్రం బండి కదలడం లేదు. ‘ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్’, ‘షి ఈజ్ మ్యారీడ్ విత్ ఎ డాక్టర్’, ‘హి ఈజ్ యాంగ్రీ ఆన్ మి’, ‘వి డిస్కస్డ్ అబౌట్ ది ఎగ్జామ్’ వంటి వాక్యాలు ప్రతి నోటుపుస్తకంలోనూ కనిపిస్తున్నాయి. బిందువుకు ‘ఎట్’, ఉపరితలానికి ‘ఆన్’, ఆవరణకు ‘ఇన్’ అన్న సూత్రాన్ని పిల్లలు గడగడా అప్పజెప్పి, ఆ వెంటనే తప్పు వాక్యమే రాస్తున్నారు. వీటిని ఏ వరుసలో చెబితే ప్రయోజనం ఉంటుందో అనుభవజ్ఞులు తెలియజేయగలరు.

సమాధానం (భాషాశాస్త్ర విద్యార్థిని)

మాస్టారూ, మీరు ఇచ్చిన మొదటి మూడు వాక్యాలూ పిల్లలు తెలుగులో సరిగ్గా ఆలోచించడం వల్లనే వచ్చాయి. కాబట్టి ‘ఇన్’, ‘ఆన్’, ‘ఎట్’ అన్న వరుసను పక్కన పెట్టి, తెలుగు విభక్తి ప్రత్యయాన్నే పాఠానికి శీర్షికగా పెట్టి చూడండి.

‘నుంచి’ని తీసుకుందాం. ‘2019 నుంచి’ అన్నా, ‘ఐదేళ్ల నుంచి’ అన్నా తెలుగుకు తేడా లేదు. మొదలైన సమయానికీ గడిచిన కాలానికీ ఒకే ప్రత్యయం సరిపోతుంది. ఇంగ్లీషు ఈ రెంటినీ విడదీసి మొదటిదానికి ‘సిన్స్’, రెండోదానికి ‘ఫర్’ వాడుతుంది. అయితే ‘సిన్స్’ కొట్టేసి ‘ఫర్’ రాయించినంత మాత్రాన ఆ వాక్యం బాగుపడదు. ‘ఉంటున్నాను’ అన్న తెలుగు క్రియ ‘యామ్ లివింగ్’ను వెంటబెట్టుకొని వస్తుంది కనుక, దాన్ని ‘హ్యావ్ బీన్ లివింగ్’గా మార్చడం కూడా అదే పాఠంలో జరగాలి.

‘తో’ పేజీలో ‘కత్తితో కోశాడు’, ‘స్నేహితుడితో వచ్చాడు’ రెండూ ‘విత్’తోనే పోతాయి. ‘డాక్టరుతో పెళ్లయింది’ అనేది ‘మ్యారీడ్ టు’ అవుతుంది, ‘జ్వరంతో బాధపడుతున్నాడు’ అనేది ‘సఫరింగ్ ఫ్రమ్’ అవుతుంది. ‘మీద’ పేజీలో పుస్తకం బల్ల మీద ఉంటే ‘ఆన్’, కోపం నా మీద ఉంటే ‘విత్’, పిట్ట చెట్టు మీద ఉంటే ‘ఇన్ ది ట్రీ’. ‘కంటే’ పేజీ నాకు మరీ ఇష్టం. ‘నాకంటే పొడుగు’ అన్నప్పుడు ‘దాన్’ వస్తుంది, ‘నాకంటే సీనియర్’ అన్నప్పుడు ‘టు’ వస్తుంది. సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్ఫీరియర్ అనేవి లాటిన్ నుంచి వచ్చిన మాటలు కావడంతో వాటి పద్ధతి వేరు. ‘టీ కంటే కాఫీ ఇష్టం’ అనడానికి వాడే ‘ప్రిఫర్’ కూడా లాటిన్ మూలం నుంచి వచ్చి ఆ ‘టు’నే పట్టుకుంది.

‘చేతన్, చేన్, తోడన్, తోన్ తృతీయా విభక్తి’ అని తెలుగు తరగతిలో పిల్లలు ఎలాగూ వల్లెవేస్తారు కనుక, ఆ పట్టికను ఇంగ్లీషు తరగతిలోకి కూడా తెచ్చుకోవచ్చు. (వారిచేత అన్నిటికన్నా ఎక్కువ తప్పులు చేయించే ‘నుంచి’ మాత్రం ఆ పట్టికలో కనబడదు!)

సమాధానం (వార్తల అనువాదకుడు)

పై సమాధానం బాగుంది కానీ, నాలుగో వాక్యాన్ని తెలుగు ఖాతాలో వేయడం కుదరదు. ‘డిస్కస్ అబౌట్’ హిందీవారూ రాస్తారు, తమిళులూ రాస్తారు. ‘డిస్కషన్ అబౌట్’ ఒప్పే కాబట్టి, నామవాచకం వెంట ఉండే ప్రిపొజిషన్ క్రియకు కూడా అంటుకుంటుందన్నది నా అభిప్రాయం. ‘రిక్వెస్ట్ ఫర్ లీవ్’ అన్నప్పుడు రిక్వెస్ట్ నామవాచకమైతే ఒప్పు, క్రియ అయితే తప్పు. ఆర్డర్, డిమాండ్ కూడా అంతే. ‘ఎంఫసిస్ ఆన్’ సరైనదే, ‘ఎంఫసైజ్ ఆన్’ సరికాదు. ఈ జంటలను పక్కపక్కన రాయించి చదివిస్తే చాలు, వేరే సూత్రం అక్కర్లేదు. బ్యాంకు పరీక్షల్లో తప్పు పట్టమని ఇచ్చే వాక్యాల్లో కూడా ఇవి తరచుగా కనిపిస్తాయి.

దీనికన్నా లోతైన చిక్కు ఒకటుంది. పిల్లలు రాసిన తప్పు ప్రిపొజిషన్ మన కంటికి ఆనుతుంది కానీ, రాయకుండా వదిలేసినది కనిపించదు. ‘నేను కుర్చీ మీద కూర్చున్నాను’ అనే వాక్యాన్ని ‘నేను కూర్చున్న కుర్చీ’ అని మార్చగానే ‘మీద’ మాయమవుతుంది. ‘ఇంట్లో ఉంటున్నాం’ అనేది ‘మేం ఉంటున్న ఇల్లు’ అయినప్పుడు ‘లో’ పోతుంది, ‘కత్తితో కోశాను’ అనేది ‘నేను కోసిన కత్తి’ అయినప్పుడు ‘తో’ పోతుంది. తెలుగులో విశేషణంగా మారిన క్రియ ముందుకు రాగానే ఆ పేరుకు ఉన్న ప్రత్యయం రాలిపోవడం సహజం, విన్నవారు దాన్ని సందర్భాన్ని బట్టి పూరించుకుంటారు. ఇంగ్లీషు దాన్ని రాల్చదు, తెచ్చి చివర నిలబెడుతుంది: ‘ది చైర్ ఐ శాట్ ఆన్’, ‘ది హౌస్ వి లివ్ ఇన్’, ‘ది నైఫ్ ఐ కట్ ఇట్ విత్’. మన పిల్లలు ‘ది హౌస్ వి లివ్’ అని ఆపేస్తారు, వారికి అందులో ఏదో వెలితి ఉన్నట్టు తోచదు కూడా. పైగా వాక్యం చివర ప్రిపొజిషన్ రాకూడదని చెప్పే పాత నియమం ఒకటి మన బడుల్లో ఇంకా తిరుగుతోంది. దాన్ని మీ తరగతి గుమ్మం బయటే ఆపమని మనవి.

మామూలు వాక్యం ఒకటి ఇచ్చి, దాన్ని ఇలా తిప్పి రాయమనే అభ్యాసం వారానికొకసారి పెట్టించండి. తిప్పినప్పుడు ‘ఆన్’ ఎక్కడికి పోయిందో వెతకడం పిల్లలకు ఆటలాగే ఉంటుంది.

సమాధానం (డాలస్ తెలుగుబడి)

ఇక్కడ మా బడిలో ఇదే తంతు తలకిందులుగా నడుస్తుంది. అమెరికాలో పుట్టిన మా పిల్లలు ‘బస్సు మీద వచ్చాను’, ‘టీవీ మీద చూశాను’ అంటారు. బస్సు టాపు మీద ఎక్కి వచ్చారేమోనని అమ్మమ్మలు హడలిపోతారు. బస్సులో లేచి నిలబడి నడవగలం కనుక ‘ఆన్’, కారులో కూర్చోవడమే తప్ప నడవలేం కనుక ‘ఇన్’ అని నేను చెప్పే గుర్తు మీ పిల్లలకు కూడా పనికొస్తుంది. రైలుకూ విమానానికీ కూడా అది సరిపోతుంది.

దిద్దేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ‘ఎట్ ది వీకెండ్’ బ్రిటిష్ వాడుక, ‘ఆన్ ది వీకెండ్’ అమెరికన్ వాడుక. ‘డిఫరెంట్’ తర్వాత ‘ఫ్రమ్’ అంతటా చెల్లుతుంది కానీ, బ్రిటన్‌లో ‘టు’, అమెరికాలో ‘దాన్’ కూడా వినిపిస్తాయి. యూట్యూబ్‌లో విని రాసిన పిల్లవాడికి వీటి మీద ఎర్రసిరా వాడకండి.

ప్రశ్నించినవారి స్పందన (బడిపంతులు)

అందరికీ ధన్యవాదాలు. ‘నుంచి’, ‘తో’ పేజీలతో సోమవారమే మొదలుపెడతాను. ఇంకొక్క సందేహం మిగిలింది: ‘బై మండే’, ‘అంటిల్ మండే’ రెండింటినీ పిల్లలు కలిపేస్తున్నారు. వీటిని ఏ ప్రత్యయం కింద వేయాలి?

సమాధానం (భాషాశాస్త్ర విద్యార్థిని)

ఇక్కడ తెలుగు మీకు అడ్డురాదు మాస్టారూ, సాయపడుతుంది. ‘సోమవారానికల్లా ఇవ్వండి’ అంటే ‘బై’, ‘సోమవారం దాకా సెలవు’ అంటే ‘అంటిల్’. ఆ రోజుకు పని ముగిసి ఉండాలంటే ‘కల్లా’ అనీ, ఆ రోజు వచ్చేంతవరకు ఒకే స్థితి సాగుతుంటే ‘దాకా’ అనీ పిల్లలు ఇంట్లో రోజూ తేడా తెలిసే వాడుతున్నారు. ‘సోమవారం దాకా పుస్తకం తిరిగి ఇచ్చేయండి’ అని మీరు తరగతిలో అని చూడండి, తప్పు వారే పట్టుకుంటారు. వ్యతిరేకార్థంలో కూడా లెక్క తప్పదు: ‘సోమవారం దాకా రాడు’ అన్న వాక్యం ఉన్నదున్నట్టుగా ‘హి వోంట్ కమ్ అంటిల్ మండే’ అవుతుంది. గొడవంతా ‘వరకు’తోనే వస్తుంది, ఎందుకంటే ఫీజు కట్టే గడువుల గురించి మాట్లాడేటప్పుడు మనం దాన్ని ‘కల్లా’కు బదులుగా కూడా వాడేస్తున్నాం. కాబట్టి ‘వరకు’ అని రాసిన ప్రతిచోటా ముందు ‘కల్లా’ గానీ ‘దాకా’ గానీ పెట్టి చదవమని, ఆ తర్వాతే ఇంగ్లీషులోకి వెళ్లమని చెప్పండి.