నాలుగేళ్ళుగా ఎసిడిటీ, మాత్ర మానితే మళ్ళీ మొదలు. ఆయుర్వేదంతో, తిండితో తగ్గించుకున్నవాళ్ళు ఉన్నారా?

ప్రశ్న

నమస్కారం అండీ. నా వయసు 36. నాలుగేళ్ళ నుంచి గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు, ఒక్కోసారి నిద్రలో గొంతులోకి చేదునీళ్ళు ఎగదన్ని లేచి కూర్చుంటున్నాను. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు పైపొట్టలో సన్నగా నొప్పి కూడా ఉంటుంది. మొదట్లో డాక్టర్ యాసిడ్ తగ్గించే మాత్ర పాంటోప్రజోల్ 40 మి.గ్రా. నెల రోజులకి రాశారు. వాడినన్నాళ్ళూ హాయిగా ఉంది. మానేసిన వారానికే ముందుకంటే ఎక్కువ మంట. అప్పటి నుంచి నేనే కొనుక్కుని వేసుకుంటున్నాను, ఇలా ఎన్నాళ్ళు అని భయంగా ఉంది.

ఇక నేను చేసినవి: పరగడుపున నిమ్మరసం తేనె, కొన్నాళ్ళు వాము నీళ్ళు, కలబంద రసం, ఇప్పుడు అవిపత్తికర చూర్ణం రోజూ రాత్రి ఒక చెంచా. చూర్ణంతో విరేచనం సాఫీగా అవుతోంది కానీ మంట అలాగే ఉంది. పని ముగిసి ఇంటికి చేరేసరికి రాత్రి పది దాటుతుంది, పదిన్నరకి భోజనం, పదకొండుకి నిద్ర. మెడనొప్పికి వారంలో రెండు మూడు సార్లు నొప్పి మాత్ర వేసుకుంటాను. కారం చాలా తగ్గించాను. అతిమధురం మంచిదంటున్నారు, మొదలుపెట్టనా? అనుభవం ఉన్నవాళ్ళు దయచేసి చెప్పండి.

జవాబు 1

మీరు రాసింది చదువుతుంటే ఆరేళ్ళ కిందటి నా పరిస్థితే కళ్ళ ముందుకొచ్చింది. నేనూ అందరూ చెప్పిన పొడులన్నీ మింగాను. నాకు నిజంగా పనిచేసింది ఒక్కటే, రాత్రి భోజనం ముందుకి జరపడం. తిన్నాక పడుకోవడానికి మూడు గంటలు గడవాలి. కుదరదు అనకండి, నాకూ కుదరలేదు, అందుకని అసలు భోజనం సాయంత్రం ఏడింటికి పనిచేసే చోటే డబ్బాలోంచి తినేసి, ఇంటికొచ్చాక మరీ ఆకలైతే పల్చటి జావ కొంచెం తాగేవాణ్ణి. పది రోజుల్లో రాత్రిపూట ఎగదన్నడం ఆగింది.

ఇంకోటి, మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఆరేడు అంగుళాలు ఎత్తు చేశాను. దిండ్లు ఒకదాని మీద ఒకటి వేసుకుంటే నడుము దగ్గర వంగి పొట్ట నొక్కుకుంటుంది, అది ఇంకా చెడ్డది. ఎడమవైపు తిరిగి పడుకోండి, కుడివైపు పడుకుంటే యాసిడ్ పైకి రావడం ఎక్కువ. నిమ్మరసం పరగడుపున ఎందుకండీ? అంత మంట ఉన్నవాళ్ళు పుల్లటిది ఖాళీ కడుపులో పోసుకోవడం పుండు మీద కారం చల్లినట్టే. అది ఇవాళే ఆపేయండి.

కారం తగ్గించానన్నారు, కాఫీ, టీ సంగతి రాయలేదు. నాకు కారంకంటే వేపుళ్ళూ, కాఫీయే ఎక్కువ బాధ పెట్టాయి. రెండు వారాలు ఏం తిన్నారో, ఎప్పుడు మంట వచ్చిందో ఒక కాగితం మీద రాయండి, మీ శత్రువు ఎవరో మీకే తెలుస్తుంది.

జవాబు 2

నేను ఆయుర్వేద వైద్యం చేస్తాను. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మీరు చెప్పిన లక్షణాల్ని మేము అమ్లపిత్తం అంటాం. కాశ్యప సంహిత, మాధవ నిదానం అనే పాత ఆయుర్వేద గ్రంథాల్లో దీన్ని విడి రోగంగా వర్ణించారు. కారణాల్లో పులిసినవి, మంట పుట్టించేవి తినడం ఉంది. ముందు తిన్నది అరక్కుండానే మళ్ళీ తినడాన్ని అధ్యశనం అంటాం, వేళ తప్పి తినడాన్ని విషమాశనం అంటాం, ఈ రెండింటినీ చరకుడు గట్టిగా వద్దన్నాడు. కారం ఒక్కటీ తగ్గించి పదిన్నరకి భోంచేస్తే మందు ఏం చేస్తుంది చెప్పండి? పొట్టని మూడు భాగాలు అనుకుని ఒకటి గట్టి పదార్థానికి, ఒకటి ద్రవానికి, ఒకటి ఖాళీగా ఉంచమని కూడా ఆయనే చెప్పాడు. కడుపు బిగిసేలా తింటే లోపలి ఒత్తిడి పెరిగి పైకి తన్నుతుందని ఇప్పటి డాక్టర్లూ అదే చెబుతారు.

ఇక చూర్ణం. అవిపత్తికరం మంచి మందే, కానీ అందులో ఏముందో తెలుసుకుని వాడాలి. శాస్త్రోక్తంగా చేస్తే దాదాపు సగం పంచదారే ఉంటుంది, మూడో వంతు తెగడ వేరు, అది విరేచనకారి. మీకు విరేచనం సాఫీగా అవుతున్నది దానివల్లే. షుగర్ ఉన్నవాళ్ళు, ఇప్పటికే విరేచనాలు పల్చగా అయ్యేవాళ్ళు, గర్భిణులు దీన్ని సొంతంగా వాడకూడదు. నెలల తరబడి వాడేది కూడా కాదు.

వాము ఉష్ణవీర్యం, అంటే వేడి చేసే గుణం ఉన్నది. గ్యాస్, ఉబ్బరం ఉన్నవాళ్ళకి సుఖం ఇస్తుంది, మంట ప్రధానంగా ఉన్నవాళ్ళకి పడదు. మీకు ధనియాలు నయం, రాత్రి నానబెట్టి పొద్దున వడకట్టి తాగండి. ఉసిరి పుల్లగా ఉన్నా అరిగాక మధుర విపాకం, అంటే తీపి గుణంగా మారుతుందని మా లెక్క, అందుకే పిత్తానికి వాడతాం, కానీ ఊరగాయ రూపంలో కాదు. తిండిలో పాత బియ్యం, పెసరపప్పు, పొట్లకాయ, బూడిద గుమ్మడి, దానిమ్మ మంచివి. ఉలవలు, మినప పదార్థాలు, పులిసిన పిండి వంటలు, రాత్రి పెరుగు కొన్నాళ్ళు ఆపండి.

అతిమధురం గురించి అడిగారు కాబట్టి స్పష్టంగా చెబుతున్నాను, వారాల తరబడి వాడితే బీపీ పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గుతుంది. బీపీ, గుండె, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు దూరంగా ఉండాలి. సూతశేఖర రసం పేరు కూడా మీకు ఎవరో చెప్పే ఉంటారు. అదో ఆయుర్వేద మందు, అందులో శుద్ధి చేసిన పాదరసం, వత్సనాభి అనే విషపు దుంప ఉంటాయి, వైద్యుడు చూడకుండా దాన్ని తెచ్చుకోవద్దు. మూలికే కదా ఏం కాదు అనుకునేవాళ్ళని రోజూ చూస్తున్నాను, బాధగా ఉంటుంది.

అన్నిటికంటే ముందు ఆ మెడనొప్పి మాత్ర ఏమిటో చెప్పండి.

జవాబు 3

తమ్ముడూ, పొడుల సంగతి తర్వాత, నువ్వు పరీక్ష చేయించుకున్నావా? మా అన్నయ్యకి ఇలాగే ఖాళీ కడుపుతో పైపొట్ట నొప్పి ఉండేది, మూడేళ్ళు గ్యాస్ అనుకుని గడిపేశాడు. చివరికి హెలికోబాక్టర్ పైలోరి అనే క్రిమి అని తేలింది. రెండు వారాలు యాంటీబయాటిక్స్ వాడాడు, నొప్పి పోయింది. అల్సర్లకి ఈ క్రిమి కారణమని కనిపెట్టినందుకే బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకి 2005లో నోబెల్ ఇచ్చారు. గొంతులోకి ఎగదన్నడానికి అదే కారణం అని నేను అనను, ఆ నొప్పి సంగతి మాత్రం తేల్చుకోవాలి. ఊపిరి పరీక్షతో గానీ మల పరీక్షతో గానీ తెలుస్తుంది. పాంటోప్రజోల్ వేసుకుంటూ చేయిస్తే క్రిమి ఉన్నా లేదని రావచ్చు, మామూలుగా రెండు వారాల ముందు ఆపమంటారు, డాక్టర్‌కి ఆ మాట చెప్పి చేయించుకో.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా థాంక్స్ అండీ. నొప్పి మాత్ర డైక్లోఫెనాక్. దానికీ దీనికీ సంబంధం ఉంటుందని నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా తట్టలేదు. బీపీ లేదు, షుగర్ పోయినసారి అంచు దగ్గర ఉంది అన్నారు. కాఫీ రోజుకి నాలుగు సార్లు. పాంటోప్రజోల్ ఇవాళే ఆపేసి పరీక్షకి వెళ్ళనా? మంట వస్తే రాత్రి చల్లటి పాలు తాగుతున్నాను, అది ఫర్వాలేదా?

జవాబు 2 రాసినవారు

డైక్లోఫెనాక్ కడుపు లోపలి రక్షణ పొరని దెబ్బతీస్తుంది, పుండు కూడా పడవచ్చు. ముందు అది ఆపి, మెడకి వేరే దారి ఏదో డాక్టర్‌ని అడగండి. షుగర్ అంచున ఉందంటే ఆ చూర్ణం కూడా ఆపండి.

పాంటోప్రజోల్ ఒక్కసారిగా మానొద్దు. ఇన్నాళ్ళు అణిగి ఉన్న యాసిడ్ మానగానే కొన్ని వారాలు ఎక్కువగా ఊరుతుంది, మొదటిసారి మీకు జరిగింది అదే కావచ్చు, రోగం ముదిరిందని భయపడి మళ్ళీ మొదలుపెట్టారు. పరీక్షకి ఎప్పుడు ఆపాలో, ఆ మధ్యలో మంటకి ఏం వాడాలో, తర్వాత 40 నుంచి 20కి ఎలా దిగాలో రాసిచ్చిన డాక్టర్‌తో మాట్లాడండి. వేసుకున్నన్నాళ్ళూ భోజనానికి అరగంట ముందు వేసుకోండి, తిన్నాక వేసుకుంటే అంత బాగా పనిచేయదు. ఏళ్ళుగా వాడుతున్నారు కాబట్టి బీ12, మెగ్నీషియం కూడా ఒకసారి చూపించుకోండి.

చల్లటి పాలు అప్పటికప్పుడు చల్లబరుస్తాయి, కాసేపటికి యాసిడ్ మళ్ళీ ఊరుతుంది. పడుకునే ముందు గ్లాసెడు తాగడం వద్దు. కాఫీ నాలుగు నుంచి ఒకటికి రండి, అదీ టిఫిన్ తర్వాత.

మింగుతుంటే అడ్డుపడినట్టు ఉన్నా, మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా, కారణం లేకుండా బరువు తగ్గినా ఇక్కడ అడుగుతూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. ఛాతీ బిగపట్టి చెమటలు పట్టి, నొప్పి చేతికో దవడకో పాకితే అది గ్యాస్ అనుకోనే వద్దు. పరీక్ష రిపోర్ట్ వచ్చాక ఇక్కడ రాయండి, అప్పుడు మందు సంగతి చూద్దాం.