నటభైరవా, నఠభైరవా?

మా పాపకని కీబోర్డు కొన్నాం. అది వారంలో వదిలేసింది, నేను పట్టుకున్నాను. తెల్ల మెట్లే వరసగా, ‘సి’ని స అనుకుని వాయిస్తే కర్ణాటక సంగీతంలో శంకరాభరణం రాగం, అవే మెట్లు దాని ‘ధ’ని స చేసుకుని వాయిస్తే నటభైరవి అన్నారు. నా డౌట్ పేరులోని రెండో అక్షరం మీద. ఒక పుస్తకంలో ‘నట’, ఇంకోదాంట్లో ‘నఠ’. ఏది అచ్చుతప్పు?

*

ఠ కరెక్టండీ. 72 మేళకర్తల (మూల రాగాల) పేర్లలో మొదటి రెండు అక్షరాలూ అంకెలే, కటపయాది లెక్కలో, అంటే అక్షరానికో అంకె ఇచ్చే పాత పద్ధతిలో. న సున్నా, ఠ రెండు. తిరగేస్తే 20, మేళకర్తల్లో ఈ రాగం నంబరు అదే. ఒత్తు తీసేస్తే ట ఒకటి, అంటే 10. అక్కడ ఆల్రెడీ నాటకప్రియ ఉంది. దాని రిషభం (రి), ధైవతం (ధ) రెండూ వేరు.

*

నోటితో అందరం ‘నట’ అనే అంటాం, విని రాసుకున్నవాళ్లూ అలాగే రాస్తారు. ఈ అంకె కోసమే శంకరాభరణం ముందు ‘ధీర’ చేర్చారు: ధ 9, ర 2, తిప్పితే 29. తోడి రాగానికి ‘హనుమ’ కూడా అందుకే: హ 8, న 0, తిప్పితే 08, అంటే 8. హనుమంతుడి కథేదో ఉందని చాలాకాలం వెతికాను నేను!

*

మరి రత్నాంగి? ర 2, త 6. 62 రావాలి కదా, రెండో మేళం అంటారేంటి?

*

సంయుక్తాక్షరం వస్తే తిప్పలే. రత్నాంగిలో కింద ఉన్న న లెక్కలోకి వస్తుంది, 02. చక్రవాకంలో మాత్రం పైన ఉన్న క: చ 6, క 1, తిప్పితే 16. ఒకే సూత్రం పట్టుకుని కూర్చుంటే కుదరదు.

అన్నట్టు, మెట్లు అవే అయినా రాగం ఎందుకు మారుతుందో చూడండి. నల్లవి కూడా కలిపి లెక్కపెట్టండి. శంకరాభరణం స నుంచి గ కి నాలుగు అడుగులు. అదే ‘ధ’ దగ్గర మొదలుపెడితే ధ, ని, స, మూడో స్వరానికి మూడే అడుగులు. పై గ (అంతర గాంధారం) పోయి కింది గ (సాధారణ గాంధారం) వచ్చింది. దీన్ని గ్రహభేదం అంటారు. గ్రహం అంటే ఇక్కడ ఎత్తుకునే స్వరం, శనిగ్రహం కాదు. వెనక ఆధారస్వరం మోగించే శ్రుతి పెట్టెను కూడా ఆ ‘ధ’కి మార్చండి, లేకపోతే చెవి మళ్లీ శంకరాభరణంలోకే పోతుంది.

*

మార్చి వాయించాను. పక్క గదిలోంచి పాప “ఎందుకు నాన్నా ఏడుపు పాట?” అంది. నోట్‌బుక్‌లో ట తీసి ఠ రాశాను.