పదకొండేళ్ల పమేరియన్‌కి మత్తిచ్చి పళ్లు శుభ్రం చేయించాలా?

చింటూవాళ్లమ్మ
మా చింటూకి పదకొండేళ్లు, నాలుగు కిలోలు. ఏడాదిగా ఒళ్లో కూర్చుంటే మొహం పక్కకి తిప్పుకోవాల్సినంత వాసన. మొన్న పెదవి పైకెత్తి చూశాను. వెనక దవడ పళ్ల మీద గోధుమ రంగు గార గచ్చులా పట్టేసి ఉంది, దాని పైన చిగురంతా ఎర్రగా ఉంది. డాక్టరుగారు రక్తపరీక్ష చేసి, పూర్తి మత్తిచ్చి స్కేలింగ్ చేద్దాం, కదిలే పళ్లుంటే తీసేద్దాం అన్నారు. మొత్తం పన్నెండు వేలు. ఎలాగో సర్దుకుంటాం గానీ ఈ వయసులో మత్తంటేనే టెన్షన్. మా వీధి గ్రూమింగ్ అబ్బాయి మత్తు లేకుండా పదిహేను వందలకే గీకేస్తానంటున్నాడు. చింటూ అన్నం బాగానే తింటోంది. ఎవరైనా చేయించారా?

కోనసీమరాజు
పళ్లకి పన్నెండు వేలా తల్లీ! వారానికి రెండుసార్లు మటన్ బొమిక పడేయండి, గార అదే ఊడిపోతుంది. మా తాతగారి రోజుల నుంచి ఇంట్లో కుక్కలున్నాయి, ఒక్కదానికీ పళ్లు తోమింది లేదు. తింటోందని మీరే అంటున్నారు. తినే కుక్కకి పళ్ల జబ్బేమిటి?

పెరుగన్నంబ్యాచ్
మావాడికి మూడు పూటలా పెరుగన్నమే. పళ్లు మల్లెపూలు.

రాక్సీనాన్న
రాజుగారూ, ఆ సలహా వెనక్కి తీసుకోండి. ఉడికిన బొమిక పేళ్లు పేళ్లుగా చీలి గొంతులోనో పేగుల్లోనో గుచ్చుకుంటుంది. పచ్చిదైనా గట్టిదైతే పన్నే విరుగుతుంది. మన బొటనవేలి గోరు నొక్కితే దిగని వస్తువేదీ కుక్క నోటికి ఇవ్వకూడదు. ఇక్కడ అడుగుతున్నది చిగుళ్లు పాడైన పదకొండేళ్ల పమేరియన్ గురించి!

మేడమ్, గ్రూమింగ్ అబ్బాయి సంగతి. వాడు గీకేది పైకి కనిపించే గార. జబ్బుండేది చిగురు కింద. మెలకువగా ఉన్న కుక్క అక్కడ పరికరం పెట్టనివ్వదు, పెట్టినా ఉలిక్కిపడితే చిగురు తెగుతుంది. పైన తెల్లబడిన పళ్లు చూసి మనం సంబరపడతాం, కింద ఎముక కరుగుతూనే ఉంటుంది. చిన్న జాతుల్లో ఇది మరీ ఎక్కువ. నలభై రెండు పళ్లు ఆ పిడికెడు మూతిలోనే ఇరకాలి కదా. కొన్నిటికి పాలపళ్లు ఊడకుండానే పక్కన కొత్తవి వస్తాయి, ఆ సందులో ఇరుక్కున్నది అక్కడే కుళ్లుతుంది.

మా రాక్సీకి పోయినేడు చేయించాం. ఏడు పళ్లు తీశారు. మూడో రోజుకి బొమ్మ నోట పట్టుకుని నా కాళ్ల దగ్గరికొచ్చింది. రెండేళ్లుగా ఆ బొమ్మని ముట్టుకోలేదండీ. వయసైపోయిందిలే అనుకున్నాం.

కోనసీమరాజు
ఏడు పళ్లు పీకించి గొప్పగా చెబుతున్నారు. నా ప్రశ్నకి జవాబేది? తింటోంది కదా?

లల్లీ_విజయవాడ
మనం వాడే పేస్టుతో తోమొచ్చా? మా ఆయన రోజూ తన పేస్టే పెడుతున్నారు.

రాక్సీనాన్న
వెంటనే ఆపేయించండి. కుక్క ఉమ్మేయదు, మింగేస్తుంది. అందులో ఫ్లోరైడ్ ఉంటుంది. కొన్నిటిలో తీపి కోసం జైలిటాల్ కలుపుతారు, అది కుక్కల్లో రక్తంలో చక్కెరని ఒక్కసారిగా పడగొడుతుంది, లివర్‌ని దెబ్బతీస్తుంది. కుక్కల పేస్టు వేరే దొరుకుతుంది. లేదంటే వేలికి తడి గుడ్డ చుట్టి పళ్ల బయటి వైపు రుద్దినా మేలే. కానీ రోజూ చేయాలి, పాచి రెండు మూడు రోజుల్లోనే గట్టిపడి గారవుతుంది. గారయ్యాక బ్రష్షుకి రాదు.

జూలీ_జ్ఞాపకం
చింటూవాళ్లమ్మ గారూ, మత్తు ఇప్పించకండి. నా జూలీ తొమ్మిదేళ్ల స్పిట్జ్. పొద్దున తోక ఊపుకుంటూ క్లినిక్ మెట్లెక్కింది. మధ్యాహ్నం ఫోనొచ్చింది. నాలుగేళ్లయింది. నోటి వాసనతో ఇంకో మూడేళ్లు నా దగ్గర ఉండేది.

రాక్సీనాన్న
చాలా బాధాకరం అండీ. కానీ ముందు రక్తపరీక్ష చేశారా? కిడ్నీలు, లివర్ చూశారా? గుండె విన్నారా? గొంతులో గొట్టం వేసి గ్యాస్ మత్తిచ్చారా, ఇంజెక్షన్ మత్తుతోనే కానిచ్చేశారా? గొట్టం లేకపోతే కడిగే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చిన్న కుక్క మత్తులో చల్లబడిపోతుంది కూడా, వెచ్చగా ఉంచాలి. ఇవన్నీ అడగకుండా...

జూలీ_జ్ఞాపకం
అడగకుండా? అంటే తప్పు నాదేనా?

రాక్సీనాన్న
అలా అనలేదు. మత్తు వేరు, సరిగ్గా చూసుకోని మత్తు వేరు అంటున్నా.

కోనసీమరాజు
చూశారా, పట్నం క్లినిక్కుల్లో జరిగేదిదే. మా ఇంట్లో పళ్లకని ఒక్క కుక్కా చావలేదు. ఇప్పుడున్న రాముడికి పదేళ్లు. బొమిక పటపటా కొరుకుతాడు. కుడి కంటి కింద అప్పుడప్పుడు వాపొస్తుంది, చీము చిట్లితే అదే తగ్గుతుంది. అది తప్ప ఏ రోగమూ లేదు.

రాక్సీనాన్న
కంటి కింద వాపా? రాజుగారూ, అది కంటి జబ్బు కాకపోవచ్చు. పై దవడలో అన్నిటికన్నా పెద్ద పన్నుకి మూడు వేర్లు, అవి సరిగ్గా కంటి కిందకి వెళ్తాయి. గట్టి బొమికలు కొరికే కుక్కల్లో ముందు విరిగేది ఆ పన్నే. వేరులో చీము పడితే వాపు తేలేదక్కడే.

కోనసీమరాజు
మీరు మా రాముణ్ని చూశారా? డాక్టరా మీరు?

రాక్సీనాన్న
కాదు. మీరూ కాదు. కానీ బొమికలు తినిపించమని పక్కింటివాళ్లకి చెబుతున్నది మీరు. కుక్కకి నొప్పంటే ఏమిటో తెలియని మొండితనం ఇది.

కోనసీమరాజు
నాకు తెలియదా? 2020లో పెద్ద గోదారొచ్చినప్పుడు నడుముల్లోతు నీళ్లలో వాణ్ని భుజాన వేసుకొచ్చాను. మా పశువుల డాక్టరు గేదెలు ఈనినప్పుడొస్తాడు. కుక్క పంటికి ఎక్స్‌రే అంటే నవ్వుతాడు. నేను కారు మాట్లాడుకుని కాకినాడో రాజమండ్రో పోవాలి. మీకు ఇంటి పక్కనే క్లినిక్కు, అందుకే ఈ తెలివంతా.

మోడరేటర్
ఇద్దరూ కాస్త తగ్గండి. ఇంకోసారైతే తాళం వేస్తాను.

చింటూవాళ్లమ్మ
నా వల్ల గొడవ వద్దు. రాజుగారు తింటోంది కదా అని పదే పదే అంటుంటే నిన్న రాత్రి పక్కనే కూర్చుని చూశాను. చపాతీ ముక్క పెడితే తీసుకుంది, కింద పెట్టేసింది. మళ్లీ తీసుకుని తల ఎడమకి వంచి ఆ వైపే నమిలింది. కొంచెం సేపటికి నమలడం మానేసి మింగేసింది. కుడి వైపు బుగ్గ ముట్టుకోబోతే నా చేతిని నాకి తల తిప్పేసుకుంది. ఇన్నాళ్లూ ముద్దు చేస్తోందనుకున్నా.

జూలీ_జ్ఞాపకం
రాక్సీనాన్న గారికి రాత్రంతా కోపంతో పెద్ద జవాబు రాసి కొట్టేశాను. ఒకటి చెప్పాలి. జూలీకి రక్తపరీక్ష చేయలేదు. వెయ్యి ఎక్కువవుతుంది, అవసరమైతేనే అన్నారు. అవసరం లేదులెండి అని సంతకం పెట్టింది నేను. నోటి జబ్బుతో పోయుంటే ఆయుష్షు తీరిందని ఏడ్చేదాన్ని. ఇది నా చేత్తో జరిగింది. మీ రాక్సీ లేచింది కాబట్టి మీకు మత్తంటే మంచిది. అంతే తేడా.

రాక్సీనాన్న
నిజమే. రాక్సీ లోపలుంటే నేను బయట మెట్ల మీద కూర్చుని పళ్ల సంగతి ఎత్తినందుకు నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. ఆ మాట ముందే రాయాల్సింది. క్షమించండి.

జూలీ_జ్ఞాపకం
చింటూవాళ్లమ్మ అక్కా, చేయించినా మానినా మీ ఇష్టం. చేయిస్తే రక్తపరీక్ష కాగితం కళ్లతో చూశాకే సంతకం పెట్టండి.

చింటూవాళ్లమ్మ
గ్రూమింగ్ అబ్బాయికి వద్దని చెప్పేశా. గురువారం రక్తపరీక్ష. గొట్టం సంగతి, గుండె సంగతి చీటీ మీద రాసుకున్నాను.

కోనసీమరాజు
ఇవాళ పొద్దున రాముడి పెదవి ఎత్తి చూశాను. కుడి వైపు పై పన్ను సగమే ఉంది. రాజమండ్రిలో ఎవరైనా తెలిసినవాళ్లుంటే చెప్పండి.

పెరుగన్నంబ్యాచ్
పన్నెండు వేలు ఏ ఊళ్లోనండీ? మా దగ్గర ఎనిమిదే అన్నారు.