ఎఫ్‌షార్ప్‌ ప్రోగ్రామింగ్ భాషలో ఈక్వల్స్ (రెండు విలువలు ఒకటేనా అని తేల్చే ఫంక్షన్) మనమే రాసుకోవాలా, ఉన్నదానితో సరిపెట్టుకోవాలా?

గోదారిగట్టు:
రికార్డు టైపు రాస్తే '=' దానంతటదే ఫీల్డులన్నీ పోల్చి చూస్తుంది కదా. నా ఖాతాదారు రికార్డులో నంబరు, పేరు, ఊరు, ఫోను ఉన్నాయి. నంబరు ఒకటైతే మనిషి ఒక్కడే. అందుకని కస్టమ్‌ఈక్వాలిటీ, నోకంపారిజన్ యాట్రిబ్యూట్లు (మొదటిది సమానత్వం నేనే రాస్తానని, రెండోది చిన్నాపెద్దా పోలిక వద్దని కంపైలర్‌కి చెప్పే గుర్తులు) తగిలించి, ఈక్వల్స్‌, గెట్‌హ్యాష్‌కోడ్ (ఈక్వల్స్‌కి జోడుగా ఉండాల్సిన సంఖ్య ఇచ్చేది) రెండూ నంబరు మీదే రాశాను. రివ్యూలో సీనియర్ "తీసెయ్" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. ఏం తప్పు చేశానంటారు?

చలిమంట:
నేనూ ఇదే చేసి దెబ్బతిన్నానండీ. ఊరు మార్చే ఫంక్షన్ ఒకటి రాశా. టెస్టులో వచ్చిన రికార్డునీ రావాల్సిన రికార్డునీ '=' తో పోల్చా. పచ్చగా పాసైంది. నెల తర్వాత తెలిసింది, ఆ ఫంక్షన్ అసలు ఊరు మార్చట్లేదని! నంబరు ఒకటే కాబట్టి నా ఈక్వల్స్ రెండూ ఒకటే అనేసింది. డూప్లికేట్లు ఏరాలంటే లిస్ట్ డిస్టింక్ట్‌బైకి నంబరు ఇవ్వండి, డిక్షనరీలో నంబరునే కీ చేయండి. పోలిక ఎక్కడ కావాలో అక్కడ చెప్పుకోవాలి గానీ టైపుకి అంటగడితే ఎలా?

గోదారిగట్టు:
పదిచోట్ల డిస్టింక్ట్‌బై రాస్తూ ఒకచోట మర్చిపోతే? పైగా ఇందులో ఒక ఫంక్షన్ ఫీల్డు చేర్చే పని ఉంది. నా ఈక్వల్స్ తీసేస్తే అప్పుడు '=' పెడితే కంపైలే కాదు.

చలిమంట:
కాకపోవడమే మేలు. ఓకామెల్ అనే భాషలో అయితే కంపైలై, నడిచేటప్పుడు ఎక్సెప్షన్ విసురుతుంది. ఆ ఫంక్షన్‌ని రికార్డు బయట పెట్టండి. ఇంకోటి, సెట్, మ్యాప్ నడిచేది ఈక్వాలిటీ మీద కాదు, కంపారిజన్ (ఏది చిన్న, ఏది పెద్ద అనే పోలిక) మీద. మీరు నోకంపారిజన్ పెట్టారు కాబట్టి ఈ టైపు సెట్‌లోకీ వెళ్లదు, మ్యాప్‌లో కీ గానూ పనికిరాదు.

అచ్చుతప్పు:
మొత్తానికే వద్దంటే ఒప్పుకోను. మన తెలుగు స్ట్రింగులే చూడండి. 'హైదరాబాద్'లో ఐత్వం యూనికోడ్‌లో ఒకే కోడుగా ఉండొచ్చు, ఎత్వం ఒకటి, కింది గుర్తు ఒకటి అని రెండు కోడులుగానూ ఉండొచ్చు. చూపుకి తేడా లేదు, '=' మాత్రం ఫాల్స్ అంటుంది. నార్మలైజ్ (కోడులను ఒకే రూపానికి తెచ్చే ఫంక్షన్) పిలిస్తే అది సర్దుకుంటుంది. కానీ చివరి పొల్లు తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు కూర్చుంటే నార్మలైజ్ తీయదు, అంచుల్లో ఖాళీలు తీసే ట్రిమ్ కూడా తీయదు. ఇక్కడ ఈక్వల్స్ రాసుకోక ఏం చేస్తాం?

చలిమంట:
ఊరిపేరు అని వేరే టైపు చేసి, కన్‌స్ట్రక్టర్ ప్రైవేటుగా ఉంచండి. లోపలికి వచ్చేటప్పుడే కడిగి పెట్టుకుంటే మామూలు '=' చాలు.

అచ్చుతప్పు:
ఖాతాదారు టైపు చేసింది టైపు చేసినట్టే రసీదు మీద అచ్చువేయాలంటే? అప్పుడు అసలుదీ, కడిగినదీ రెండూ దాచాలి, పోలిక రెండోదానితోనే జరగాలి. అక్కడ కస్టమ్‌ఈక్వాలిటీ పెడతాను, కంపారిజన్ కూడా కడిగినదాని మీదే రాస్తాను. ఖాతాదారు రికార్డుకైతే మాత్రం మీ మాటే నాదీ.

గోదారిగట్టు:
యాట్రిబ్యూట్లు, నేను రాసిన ఆ రెండు ఫంక్షన్లు తీసేసి టెస్టులు నడిపా. మూడు ఎర్రబడ్డాయి. ఒకటి ఫోను మార్చే ఫంక్షన్‌ది, అది పాత ఫోనే తిరిగిస్తోంది. మిగతా రెండూ భోంచేసొచ్చి చూస్తా.