అప్‌డేట్: టైటిల్ లేని మా రాణిని జత కట్టించాలా?

కొత్తగా చదివేవాళ్ల కోసం: రాణి మా మావయ్యగారి జర్మన్ షెపర్డ్. చీపురుపల్లి దగ్గర ఆయన గొర్రెల మందను అదే కాస్తుంది. షో కప్పు లేదు, వర్కింగ్ టైటిల్ (పని పరీక్ష పాసైన కుక్కకిచ్చే గుర్తింపు) లేదు. జత కట్టించవచ్చా అని అడిగాను.

ఒకరు జర్మనీ పద్ధతి చెప్పారు: అక్కడి బ్రీడ్ సంఘం తుంటి ఎక్స్‌రేతో పాటు ఐజీపీ (వాసన పట్టడం, మాట వినడం, కాపలా చూసే పరీక్ష) గానీ, మందకుక్కల పరీక్ష హెచ్‌జీహెచ్ గానీ అడుగుతుంది. ఇంకొకరు "పనే టైటిల్" అన్నారు. నాకైతే టైటిల్ విలువంతా పరాయి మనిషి, పరాయి చోట కుక్కను చూడటంలోనే ఉందనిపించింది. ఇంట్లోవాళ్లం ప్రేమతో చూస్తాం కదా.

అందుకే గజపతినగరం వైపు వేరే మంద దగ్గరికి తీసుకెళ్లాం. అక్కడి కాపరి మావయ్యని దూరంగా కూర్చోమన్నాడు. రాణి మొదట కాస్త తడబడింది. తర్వాత విడిపోయిన గొర్రెపిల్లను కరవకుండా మళ్లించింది. పొట్టేలు ఎదురు తిరిగినా వెనక్కి తగ్గలేదు. "ఈ కుక్క పిల్ల నాకొకటి కావాలి" అన్నాడు కాపరి.

గరివిడి పశువైద్య కళాశాలలో ఎక్స్‌రే తీయించాం. రెండేళ్లు నిండాయి కాబట్టి ఫలితాన్ని నమ్మొచ్చు. తుంటి బాగుంది. బ్రూసెల్లా (జత కట్టేటప్పుడు అంటుకుని, గర్భం పోగొట్టే జబ్బు) పరీక్షా అయింది.

టెన్షన్ అంతా మగకుక్కతోనే. కప్పులు గెలిచినది ఒకటి దొరికింది, యజమాని మాత్రం ఎక్స్‌రే తీయించనన్నాడు. "ఎంత అందంగా ఉందిరా" అని మావయ్య బాధపడ్డారు. నేను ఒప్పుకోలేదు. తుంటి జబ్బు వంశంలో వస్తుంది, కప్పు దాన్ని ఆపదు.

పని చేసే, ఎక్స్‌రే ఉన్న మగకుక్క దొరక్కపోతే ఈ ఎదకి జత కట్టించం. దొరికితే పిల్లలు కాపరులకే, అదీ ఎనిమిది వారాలు నిండాకే.