అంగారక యాత్ర: గోడ మందం పెంచాలా, ప్రయాణం తగ్గించాలా?

పటమట వాసి
ఆదివారం బెజవాడ మీటింగులో తేలని మాట ఇక్కడ తేల్చుకుందాం. అంగారకుడికి మనుషుల్ని పంపితే రేడియేషన్ నుంచి కాపాడేది నౌక గోడా, తొందరగా వెళ్ళిరావడమా? నా ఓటు గోడకే. ఉండే గది చుట్టూ 20 సెం.మీ. మందాన నీళ్ళు పెడితే సరి. తాగడానికి ఎలాగూ మొయ్యాలిగా.

అరండల్‌పేట ఇంజినీర్
లెక్క వేశారా మాస్టారూ? 4 మీటర్ల వ్యాసం, 8 మీటర్ల పొడవున్న గది అనుకోండి. చుట్టు గోడ, రెండు మూతలు కలిపి 125 చదరపు మీటర్లు. 20 సెం.మీ. నీళ్ళంటే చదరపు మీటరుకు 200 కిలోలు, మొత్తం 25 టన్నులు. సంచులు, పంపులు వేరే. ఇంత మోసి ఆపేదేమిటి? 150 ఎంఈవీ (కణం శక్తికి కొలత) ప్రోటాన్ నీళ్ళలో 16 సెం.మీ. పోయి ఆగిపోతుంది, అంటే సూర్యుడి నుంచి ఒక్కసారిగా కణాలు విరుచుకుపడే సౌర తుఫానుకు చాలావరకు పనికొస్తుంది. గెలాక్సీ నుంచి వచ్చే 1 జీఈవీ (వెయ్యి ఎంఈవీ) ప్రోటాన్ ఆగాలంటే 3 మీటర్ల పైమాటే. దానికి మీ గోడ గోడ కాదు, గుమ్మం.

పటమట వాసి
ఆగకపోతే ఏం, గెలాక్సీ కిరణాల్లో వచ్చే పెద్ద కేంద్రకం ముక్కలైతే చాలు. ఇనుప కేంద్రకం ఆవేశం 26. అదే వేగంతో పోయే ప్రోటాన్‌తో పోలిస్తే దారిలో వదిలే శక్తి 676 రెట్లు. బరువు పెంచకుండా దాన్ని విరగ్గొట్టడానికి హైడ్రోజన్‌ని మించింది లేదు. అల్యూమినియం పెడితే అదీ పగిలి న్యూట్రాన్లు కక్కుతుంది. అందుకే నీళ్ళు, పాలిథిన్ అంటున్నా.

సత్యనారాయణపురం
సీసం పెట్టొచ్చుగా? ఎక్స్‌రే గదిలో అదేగా.

బ్రాడీపేట రేడియాలజీ
వద్దు బాబూ. అర మిల్లీమీటరు సీసం ఆప్రాన్ ఎక్స్‌రేలకు సరిపోతుంది. ఈ గెలాక్సీ (కాస్మిక్) కిరణాలకు సీసం అడ్డం పెడితే లోపలికి న్యూట్రాన్ల జల్లే.

అరండల్‌పేట ఇంజినీర్
నీళ్ళ గోడే అనుకుందాం. తాగేకొద్దీ పలచబడుతుంది కదా? ఖాళీ అయిన సంచిలో, మూత్రం శుద్ధి చేశాక మిగిలే చిక్కటి ఉప్పునీళ్ళు నింపాలి. వాల్వు వరస తప్పిందా, తాగే నీళ్ళలో కలుస్తుంది. బయటి గోడకు ఆనుకున్న సంచి గడ్డకట్టి పగులుతుంది. నిలవ నీళ్ళకు పాచి సరేసరి.

గది మొత్తానికి కాకుండా ఒక్క మూలకు పెట్టండి. 2 మీటర్ల ఘనానికి 24 చదరపు మీటర్లు, 4.8 టన్నులతో అయిపోతుంది. తుఫాను కబురు అందాక నలుగురూ అందులో దూరాలి. గంటల నుంచి రోజుల దాకా ఉండాల్సి రావచ్చు కాబట్టి మరుగుదొడ్డి, తిండి, నౌకను నడిపే తెర అన్నీ లోపలే. నాసా నౌక ఒరాయన్‌లో ఆ గది కూడా వేరుగా లేదు. నేలలో ఉన్న సామాను అరలు ఖాళీ చేసి మనుషులు దిగుతారు, తీసిన సంచులు పైన పేర్చుకుంటారు. 1972 ఆగస్టు సౌర తుఫాను చంద్రుడి మీదికెళ్ళిన అపోలో 16కి, 17కి మధ్య వచ్చింది కాబట్టి బతికిపోయారు.

మంగళగిరి రోడ్డు
ఏమిటండీ ఈ భయం? రష్యా వ్యోమగామి పోల్యకోవ్ మీర్ అంతరిక్ష కేంద్రంలో 437 రోజులున్నాడు. 80 ఏళ్ళు బతికాడు.

బ్రాడీపేట రేడియాలజీ
మీర్ భూమి అయస్కాంత క్షేత్రం లోపల తిరిగింది, కింద భూమే సుమారు మూడో వంతు ఆకాశాన్ని కప్పింది. పైగా ఒక్కడి ఆయుష్షు ఏ లెక్కకూ రుజువు కాదు.

నాసా రోవర్ క్యూరియాసిటీ అంగారకుడికి పోయే దారిలో కొలిచింది రోజుకు 1.8 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి తగిలే రేడియేషన్ డోసుకు కొలత), అంగారకుడి నేల మీద 0.64. పోనూ రానూ 360 రోజులకు 648, అక్కడ 500 రోజులకు 320. మొత్తం 968. నాసా 2022లో పెట్టుకున్న జీవితకాల పరిమితి 600, ఆడా మగా, చిన్నా పెద్దా అందరికీ ఒకటే. ప్రయాణం ఒక్కో వైపు 120 రోజులకు తగ్గించినా 432 ప్లస్ 320, 752. మట్టి కింద ఇల్లు కట్టి నేల మీది డోసు సగం చేస్తే 592. అందులో ఒక్క తుఫాను కూడా కలపలేదు.

అరండల్‌పేట ఇంజినీర్
సూర్యుడు బాగా చురుగ్గా ఉండే సౌర గరిష్ఠంలో పంపితే గెలాక్సీ కిరణాలు బాగా తగ్గుతాయి. అది కలపరేం?

బ్రాడీపేట రేడియాలజీ
కలుపుతా. తుఫానులు పెరుగుతాయి, అదీ కలపండి. మీ మూలగది అందుకే కావాలి.

పటమట వాసి
అంటే గోడ కావాలని ఒప్పుకున్నట్టే.

అరండల్‌పేట ఇంజినీర్
మూలగది అన్నాను, 25 టన్నులు అన్లేదు! చదరపు సెంటీమీటరుకు మొదటి పది గ్రాముల గోడ డోసు తగ్గించినంత తరవాతి పది గ్రాములు తగ్గించవు. అయినా 968 అయితే ఏమైంది? వెళ్ళేవాడు తెలిసి సంతకం పెడితే మధ్యలో మనకేం అడ్డం? 600 అంటే కాన్సర్‌తో చనిపోయే అవకాశం సుమారు మూడు శాతం పెరుగుతుందని, అంతేగా.

బ్రాడీపేట రేడియాలజీ
ఇదిగో, బయటికొచ్చింది. ఇంతసేపూ మందం గురించి కాదన్నమాట మీ వాదన. సంతకం పెట్టనివాడికి సీటు దక్కనప్పుడు అది ఇష్టపడి పెట్టిన సంతకం ఎలా అవుతుంది? ఇక్కడ మన దగ్గర రేడియేషన్‌తో పనిచేసే ఉద్యోగికి ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. మూడు నెలలకోసారి డోసు కొలిచే బ్యాడ్జీ పరీక్షకు పంపిస్తాం. రిపోర్టు మేనేజరు బల్లలోనే ఉంటుంది, అడిగితే "అంతా నార్మలే" అంటారు. పరిమితి ఉండగానే ఈ సంగతి.

అరండల్‌పేట ఇంజినీర్
మీ మేనేజరు చేసిన దానికి అంగారక యాత్ర ఆపాలా? ఓడెక్కేవాడు జీతగాడు కాదు, నిపుణుడు.

బ్రాడీపేట రేడియాలజీ
నిపుణుడే. అందుకే ఒంటిమీది డోసిమీటరు అంకె ముందు అతనికే కనపడాలి, కిందికి పంపేది తరవాత. నౌకలో నాలుగు మూలలా నాలుగు డోసిమీటర్లు పెట్టాలి, మంచం దగ్గర అంకె ఎక్కువుంటే మంచం మార్చుకోవాలి. నాసా నిబంధనల్లో పరిమితి దాటడానికి మినహాయింపు ఉంది. అది ఎవరు అడగాలి, వెళ్ళేవాడా పంపేవాడా? దానికి జవాబివ్వండి ముందు.

పటమట వాసి
పాలిథిన్ ఇటుకలు మంచం చుట్టూ పేర్చినా చాలు. రోజులో మూడో వంతు గడిచేది అక్కడేగా.